అమ్మవారి గదిలో బూట్లు

నిన్న కడిగి ఆరేసిన గ్లౌజును పోచమ్మ రెండు చేతులతో పట్టుకుని, గాలి నిండేలా గిర్రున తిప్పి మూతి మెలిపెట్టింది. ఐదు వేళ్లూ ఉబ్బాయి. వాటిని చెంప దగ్గర పెట్టుకుని ఒక్కొక్క వేలునూ నొక్కి చూసింది. ఎక్కడా గాలి తగల్లేదు. రెండోదానికీ అలాగే చేసింది. కంటికి కనపడని చిల్లు చెంపకు తెలుస్తుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదమూడేళ్ల పనిలో తానే కనిపెట్టుకుంది.

అవి ఆసుపత్రుల్లో తొడుక్కునే పల్చటి గ్లౌజులు కావు. మోచేతి దాకా వచ్చే నల్లటి మందపాటి నియోప్రీన్ గ్లౌజులు. కట్టుకొచ్చిన చీర మార్చి పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. పైన రబ్బరు ఏప్రన్ కట్టుకుంది. ముఖానికి అడ్డంగా ప్లాస్టిక్ షీల్డు. చివరికి గంబూట్లు. ప్యాంటు అంచును బూట్ల మీదుగా కిందికి లాగింది. లోపలికి దోపితే పైనుంచి కారింది తిన్నగా బూటులోకే దిగుతుంది.

అలా తయారై ఆమె నింపుడు గది గడప దగ్గరికి వచ్చేసరికి దుర్గేష్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటి పోచమ్మా, బూట్లతోనా? లోపల అమ్మవారున్నారు, కనపడట్లేదా?"

"కనపడ్తున్నది. ఆమెకు సుత నేను కనపడ్తున్న. నువ్వు జర పక్కకు జరుగు."

దుర్గేష్ జరగలేదు.

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు, కోర్సుల ఫ్లెక్సీలు దాటి వెనక సందులోకి పోతే ఒక మూడంతస్తుల ఇల్లు ఉంది. పైన యజమాని వీరవెంకటసత్యనారాయణ గారి కాపురం. కింద ఆయన వ్యాపారం. పెద్ద డ్రమ్ముల్లో వచ్చే రసాయనాలను చిన్న సీసాల్లోకి నింపి ల్యాబులకు పంపుతారు. దుర్గేష్ ఆయన మేనల్లుడు, కింద పనులు చూసుకుంటాడు. పోచమ్మ అక్కడ సీసాలు నింపుతుంది. జోగిపేట దగ్గర ఊళ్లో బోరు ఎండిపోయి రెండెకరాలు బీడు పడ్డాక నగరానికి వచ్చింది. మొదట సనత్‌నగర్‌లో ఒక షెడ్డులో సీసాలు కడిగింది. సీసాల మీది లేబుళ్లు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. ఇంగ్లీషు కాగితాలు వస్తే కూతురు సంగీత చేత చదివించి, తెలుగులో చెప్పించుకుని, మళ్లీ మళ్లీ అడిగి గుర్తు పెట్టుకుంది. ఏ డ్రమ్ము వచ్చినా దాని కాగితం వినకుండా మూత తీయదు.

ఆ పొద్దున వచ్చింది ఫినాల్. నేల తుడిచే ఫినాయిల్ కాదు. యాభై కిలోల డ్రమ్ములో కలకండలా గట్టిగా, తెల్లగా ఉండే సరుకు. పంజాగుట్టలోని ఒక ల్యాబుకు సాయంత్రంలోగా నలభై సీసాలు చేరాలి. ఆషాఢం తర్వాత ఆ ఇంట్లోకి ఫినాల్ రావడం అదే మొదటిసారి. ఆషాఢంలో ఇదే గదిలో హనుమాండ్లు కాలు పాడైంది.

ఆ రోజు హనుమాండ్లు రబ్బరు చెప్పులతో, కరిగిన డ్రమ్మును స్టాండు మీదికి వంచుతున్నాడు. మూత సరిగా బిగియలేదు. ఎడమ పాదం మీద ఏదో కారింది. నీళ్లనుకున్నాడు. తడిగుడ్డతో ఒకసారి తుడుచుకుని పని చేసుకుంటూ పోయాడు. మంట లేదు. పాదం చల్లబడి తిమ్మిరెక్కింది, అంతే. కాసేపటికి కళ్లు తిరిగి గోడకు చేరగిలబడ్డాడు. అప్పుడు పోచమ్మ ముందు గదిలో సరుకు సర్దుతోంది. పరిగెత్తుకొచ్చి చూస్తే పాదం ఉడికిన అన్నంలా తెల్లబడి ఉంది. అతన్ని పంపు కిందికి లాగి, ఆటో వచ్చేదాకా ధారగా నీళ్లు పట్టింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. మూత్రం నల్లగా వచ్చిందని, చర్మంలోంచి మందు లోపలికి పోయి కిడ్నీల మీద పడిందని డాక్టర్లు చెప్పారు. బతికాడు. రెండు వేళ్లు తీసేశారు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుంటున్నాడు.

అతను ఇంటికి వచ్చిన వారానికి సత్యనారాయణ గారి భార్య కుసుమకుమారి గారు శ్రావణ శుక్రవారం పురోహితుణ్ణి పిలిపించింది. నింపుడు గదిలో తూర్పు గోడకు పీట వేసి, కనకదుర్గమ్మ పటం పెట్టి, కలశం నిలిపి, దీపం వెలిగించింది. ఆ గదిలో మళ్లీ ఏ కీడూ జరగకూడదని మొక్కుకుంది. ఆనాటి నుంచి గడప బయట చెప్పులు వదలాలి. ఇన్నాళ్లూ ఆ గదిలో ఉప్పులూ, పొడులూ నింపారు కాబట్టి పోచమ్మ ఏమీ అనలేదు. తానూ చెప్పులు విడిచి, దండం పెట్టుకునే పోయింది. ఈ రోజు వచ్చింది ఫినాల్.

"ఉత్త కాళ్లతోని నేను ఫినాల్ నింప," అంది పోచమ్మ. "దీపం సుత గా గదిల ఉండొద్దు. వేడెక్కిన ఫినాల్ ఆవిరి మండుతది. అమ్మవారిని ముందు రూములకు తీస్కపోండ్రి."

దుర్గేష్ నవ్వాడు. "మావయ్యా! ఇటు రండి. పోచమ్మ అమ్మవారికే గది మార్పిస్తోంది."

సత్యనారాయణ గారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. గంబూట్ల వంక చూసి చూపు తిప్పుకున్నారు.

"పోచమ్మా, ఒక్క పూట సర్దుకో. ప్రతిష్ఠ చేసిన పీట ఎలా కదుపుతాం? జాగ్రత్తగా నింపుకో. ఇంత అనుభవం ఉంది కదా నీకు."

"అనుభవాన్ని కాలికి తొడుక్కోరాదు సారూ."

"నోరు పెరిగింది నీకు. నువ్వు నింపకపోతే దుర్గేష్ నింపుతాడు. చెప్పిన పని చెయ్యలేకపోతే రేపట్నుంచి రావక్కర్లేదు."

"రేపటి ముచ్చట రేపు. ఈ పొద్దు వట్టి కాళ్లతోని ఎవ్వలు లోపలికి పోయినా ఈ డ్రమ్ము మూత తెరుచుకోదు."

డ్రమ్ము మూత తిప్పే ఇనుప పానా ఒక్కటే ఉంది. దాన్ని ఆమె ఏప్రన్ జేబులో వేసుకుని, గడప ముందు మెట్టు మీద కూర్చుంది. ఈ వయసులో ఇంకో చోట పని దొరకడం కష్టమని ఆమెకు తెలుసు. నింపేవాళ్లు కావాలన్న చోటల్లా ఇరవై ఏళ్లవాళ్లనే అడుగుతున్నారు. అయినా లేవలేదు.

దుర్గేష్‌కు రోషం వచ్చింది. చెప్పులు విడిచి, ఆమెను దాటుకుని గదిలోకి పోయాడు. గోడ పక్కన ఉన్న ఉలి, సుత్తి తీసుకున్నాడు.

"కొట్టు, కొట్టు," అంది పోచమ్మ కూర్చున్న చోటు నుంచే. "మూత చిట్లితే గడ్డలు మొఖం మీదికి ఎగుర్తయి. కండ్లు ఇంటికాడ పెట్టొచ్చినవా?"

దుర్గేష్ సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత సుత్తిని నేల మీద పెట్టి, డ్రమ్మును ఏదో పరీక్షిస్తున్నట్టు చుట్టూ తిరిగాడు. దసరాకు ఆయుధపూజలో డ్రమ్ములన్నిటికీ పూసినట్టే, లారీ మీద వచ్చిన ఈ డ్రమ్ముకూ ఎవరో పసుపు పూసి కుంకుమ పెట్టారు. పుర్రె గుర్తు మీద బొట్టు నిండుగా ఉంది.

గేటు దగ్గర్నుంచి హనుమాండ్లు కుంటుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఎందుకు లొల్లి? అమ్మవారి జోలికి పోకు. గా తల్లి లేకుంటే నేను బతికేటోణ్ణి కాదు."

"బతికించింది తల్లే అనుకో, నేను కాదంటనా? మరి నీ రెండు వేళ్లు ఏడున్నయిరా?"

హనుమాండ్లు సాక్సు ఉన్న పాదాన్ని వెనక్కి లాక్కున్నాడు.

అప్పుడే కుసుమకుమారి గారు దీపంలో నూనె పోయడానికి పై నుంచి దిగింది. చేతిలో చిన్న ఇత్తడి చెంబు. తడి జుట్టు ముడి వేసుకుని ఉంది. మెట్టు మీద బూట్లతో కూర్చున్న పోచమ్మనూ, గదిలో సుత్తి పక్కన నిలబడ్డ దుర్గేష్‌నూ మార్చి మార్చి చూసింది. సత్యనారాయణ గారు జరిగింది చెప్పారు. దుర్గేష్ మధ్యలో రెండు ముక్కలు కలిపాడు.

"ఏమిటమ్మా ఇది?" అందామె. "నీ పేరే అమ్మవారి పేరు. నీకు తెలియదా?"

"తెలుసమ్మా. మా పోచమ్మ తల్లి ఊరవతల ఎండకు ఎండి, వానకు తడుస్తది. ఆమె ముంగట మేము మొక్కుడు మొక్కుతం, మా పని మేము చేస్తం. మీ అమ్మవారినే చూడుండ్రి. ఎనిమిది చేతులల్ల ఎనిమిది పట్టుకున్నది. కాలు నేల మీద పెట్టకుండ పులి మీద కూసున్నది. ఆమె సుత వట్టి చేతులతోని రాక్షసుని మీదికి పోలే. నాకున్నయి రెండు చేతులు, రెండు కాళ్లు. రెండు గ్లౌజులు, రెండు బూట్లు. గంతే అడుగుతున్న."

"అబ్బో, పురాణం మొదలెట్టింది," అన్నాడు దుర్గేష్.

"నువ్వు ఆగరా," అంది కుసుమకుమారి గారు.

పోచమ్మ హనుమాండ్లు వైపు తిరిగింది. "సాక్సు తియ్యి."

"ఎందుకక్కా అమ్మగారి ముందట..."

"తియ్యి. ఆమె నీకోసమే ఇంత పూజ చేసింది. ఎవని కోసం చేసిందో చూసుకోనియ్యి."

హనుమాండ్లు గోడ పట్టుకుని సాక్సు లాగాడు. చివరి రెండు వేళ్లు ఉండాల్సిన చోట చర్మం ముడుచుకుని మెరుస్తోంది. పాదం పైభాగం గోధుమ రంగు అట్టలా ఉంది. ఆసుపత్రికి అన్నం క్యారేజీలు పంపింది, అతని పేరు మీద కుంకుమార్చనలు చేయించింది గాని, కుసుమకుమారి గారు ఆ పాదాన్ని ఎప్పుడూ చూడలేదు. అతను ఎప్పుడూ సాక్సుతోనే ఉన్నాడు.

"మంట పుట్టలేదా నాయనా అప్పుడు? చెప్పుకోవచ్చుగా ఎవరికైనా?"

"గదే తంటా అమ్మా. మండితే ఎగిరి దూకుతుంటి. సల్లగ తగిలింది. మంచిగనే ఉన్నదనుకున్న. ఛాయ్ సుత తాగిన."

ఆమె చాలాసేపు ఆ పాదం వంకే చూసింది. తర్వాత చెంబు కిటికీలో పెట్టింది. గదిలోకి పోయి, పీట ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అక్షతలు చల్లి, పటాన్ని ఉత్తరం వైపు వేలెడంత కదిపి ఉద్వాసన చెప్పుకుంది.

సత్యనారాయణ గారు కంగారు పడ్డారు. "కుసుమా, పురోహితుణ్ణి అడక్కుండా..."

"డ్రమ్ము తెప్పించేటప్పుడు మీరు పోచమ్మను అడిగారా?"

దీపాన్ని కొండెక్కించి, పటాన్ని గుండెలకు ఆనించుకుని ఆమె ముందు గదిలోకి నడిచింది. కలశం హనుమాండ్లు పట్టుకున్నాడు. గడప దాటేటప్పుడు ఆమె పోచమ్మ దగ్గర ఆగింది.

"నీకు పొగరు ఎక్కువ."

"ఉన్నదమ్మా. అదే లేకుంటే ఇన్నేండ్లు పది వేళ్లతోని మిగిలేదాన్ని కాదు."

కుసుమకుమారి గారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. పటంతో ముందుకు పోయింది.

పోచమ్మ లేచింది. మొదట ఒక తడిగుడ్డ తీసుకుని డ్రమ్ము మీది పసుపు కుంకుమ తుడిచింది. పుర్రె గుర్తు, దాని కింద అక్షరాలు తేటగా కనపడ్డాయి. ఎగ్జాస్టు ఫ్యాను వేసింది. ఒంటి మీద మందు పడితే కడుక్కునే మూల షవరు తిప్పి, నీళ్లు ఎర్రగా రావడం ఆగి తెల్లగా వచ్చేదాకా వదిలింది. దాని పక్కన స్టూలు మీద ఒక పెద్ద సీసా, శుభ్రమైన గుడ్డల కట్ట పెట్టింది. సీసా మీద పెగ్ నాలుగు వందలు అని రాసి ఉంది.

"పొద్దున్నే పెగ్గు బయటికొచ్చిందే," అన్నాడు దుర్గేష్. ఓడిపోయిన మనిషి వేసే జోకు అది.

"ఇది నాకు కాదు, నీకు. ఫినాల్ మీద పడితే ముందుగాల ఆ బట్టలు ఇడువాలె. తర్వాత దీంట్ల ముంచిన గుడ్డతోని తుడవాలె, గుడ్డ మార్చి మార్చి తుడవాలె. ఇది అందకపోతే నీళ్లు ధారగ పొయ్యాలె, ఆపకుండ. మగ్గెడు నీళ్లు పోసి ఊకుంటే మందు ఇంకింత పర్చుకుని లోపలికి దిగుతది. తర్వాత సీదా దవాఖానకు పోవాలె. నొప్పి లేదని ఊకోవద్దు. నొప్పి లేకపోతేనే భయపడాలె. సమజైందా? ఆషాఢంల ఈ సీసా ఏడున్నదో ఎరికేనా? మీ మామ బీరువాల, తాళంల."

దుర్గేష్ జోకులు మానేశాడు. ఆమె చూపించిన రెండో జత బూట్లు, గ్లౌజులు, ఏప్రన్ తొడుక్కున్నాడు. గ్లౌజును గాలితో ఊదించి చెంపకు పెట్టుకోమంటే పెట్టుకున్నాడు.

ఆమె పానాతో డ్రమ్ము మూతను ఒక చుట్టు వదులు చేసింది. మూత బిగించి వేడిచేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇద్దరూ కలిసి గొలుసు కప్పీతో డ్రమ్మును వేడినీళ్ల తొట్టిలోకి దించారు. పోచమ్మ థర్మామీటరు ముంచి, అరవై దాటనివ్వకుండా నీళ్లు కలుపుతూ నిలబడింది. తొందరగా కరగాలని మంట పెట్టేవాళ్లను ఆమె చూసింది. వాళ్ల దగ్గర ఆమె ఎప్పుడూ పని చేయలేదు. రెండు గంటలకు పైగా పట్టింది. ఆలోపు ఖాళీ సీసాలను వెచ్చటి పెట్టెలో ఉంచింది. చల్లటి సీసాలో పోస్తే ఫినాల్ మెడ దగ్గరే గడ్డకట్టి, వెనక వచ్చేది పైకి పొర్లుతుంది. సీసాలన్నీ ముదురు గోధుమ రంగువి. వెలుతురు తగిలితే ఈ సరుకు గులాబీ రంగుకు తిరుగుతుంది.

కరిగాక మూత తీసి కుళాయి బిగించారు. డ్రమ్మును స్టాండు మీద పడుకోబెట్టి, కింద లోతైన స్టీలు పళ్లెం పెట్టి, అందులో త్రాసు పెట్టారు. సత్యనారాయణ గారు కిటికీ అవతల నిలబడి చూస్తున్నారు. లోపలికి వస్తానంటే బూట్లు లేవని పోచమ్మ రానివ్వలేదు.

మొదటి సీసా నిండింది. మెడ దాకా నింపలేదు, భుజం దగ్గర ఆపింది. మూత, దాని మీద సీలు, లేబుల్. రెండోది, మూడోది. కుళాయి తిప్పే చెయ్యి ఒకటే, ఆపే చెయ్యి ఒకటే. దుర్గేష్ సీసా అందిస్తాడు, నిండింది తీసుకుంటాడు. పదో సీసా దగ్గర అతను ముక్కు దురద పెట్టి షీల్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

"ఆగు!"

అతను చెయ్యి అలాగే గాల్లో నిలబెట్టాడు.

"ముక్కు గోకాల్నంటే బయటికి పో. గ్లౌజులు కడుగు, తియ్యి, గోక్కో, మళ్ల తొడుక్కుని రా. నేను ఆగుత."

అతను పోయి, చెప్పినట్టే చేసి వచ్చాడు. ఆమె అంతసేపూ కుళాయి మూసి నిలబడింది.

పళ్లెంలో రాలినవి నాలుగు చుక్కలు. నేల మీద ఒక్కటీ పడలేదు. నింపే ముందు చిన్న గాజు గొట్టంలోకి నమూనా తీసి వెలుతురుకు పెట్టి చూడటం ఆమె అలవాటు. మొదట నీళ్లలా ఉంది. ముప్పై ఎనిమిది అయ్యాక తీసిన నమూనా కొంచెం గులాబీగా కనపడింది. కుళాయిలో మిగిలిపోయిన పాత తుప్పు ఏదో తగిలిందని అనుకుంది. కొంత సరుకు వేరే డబ్బాలోకి వదిలేసి, డ్రమ్మును లేపి నిలబెట్టి కుళాయి మార్చి, తిరిగి పడుకోబెట్టి మళ్లీ నమూనా తీసింది.

"కొంచెం రంగేగా," అన్నాడు దుర్గేష్. "ల్యాబువాళ్లకు తెలుస్తుందా ఏంటి?"

"వాళ్లకు తెల్వకపోతేంది, నాకు తెలుసు గద."

నలభై అయ్యాయి. మిగిలిన డ్రమ్మును మూసి బిగించారు. తుడిచిన గుడ్డలు, గులాబీ సరుకు, పళ్లెం కడిగిన నీళ్లు మూడూ వేర్వేరు డబ్బాల్లో పోసి, పేర్లు రాసి పక్కన పెట్టించింది. ఒక్క మగ్గు కూడా మోరీలో పోయనివ్వలేదు. చేతులకు ఉండగానే గ్లౌజులు కడిగి, బూట్లు కడిగి, ఆ తర్వాతే విప్పింది.

చీర మార్చుకుని వచ్చేసరికి సత్యనారాయణ గారు చలానా రాసి ఉంచారు. ఆమె వైపు చూడకుండా అందించారు.

"వచ్చే వారం క్రెసాల్ డ్రమ్ము వస్తుంది," అన్నారు. "దాని కాగితం కూడా సంగీతతో చదివించుకో."

"చదివించుకుంట. బూట్లు ఇంకో రెండు జతలు తెప్పియ్యుండ్రి సారూ. మీ సైజుది సుత ఒకటి."

ఆయన మూలిగారు. కాదనలేదు.

అట్ట అరల పెట్టెల్లో సీసాలు నిలువుగా సర్ది ట్రాలీ ఆటోలో ఎక్కించారు. ఇలాంటి సరుకుతో పోచమ్మ తానే పోతుంది. వెనకాల పెట్టెల పక్కన కూర్చుని, పెగ్ సీసా, గ్లౌజులు కాళ్ల దగ్గర పెట్టుకుంది. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. పక్క బైకు మీది కుర్రాడు ఆటోకు ఆనుకుని నిలబడి, పెట్టె మీద మోచెయ్యి పెట్టబోయాడు.

"అన్నా, చెయ్యి తియ్యి. మిఠాయి కాదది."

అతను లేబుల్ చూసి బైకును వెనక్కి నెట్టుకున్నాడు.

ల్యాబు స్టోర్సు చూసే అమ్మాయి శ్రీలేఖ గ్లౌజులు వేసుకుని తలుపు దగ్గరికి వచ్చింది. ఒక్కో సీసా తీసి సీలు వేలితో తడిమింది, పోచమ్మ వెంట తెచ్చిన గాజు గొట్టంలోని నమూనాను వెలుతురుకు ఎత్తి చూసింది. సరుకు గట్టిపడుతున్న సీసాను ఒకసారి వంచి చూసి తల ఊపింది.

"రంగు బాగుంది పోచమ్మ గారూ. పోయినసారి వేరేచోట తీసుకున్నాం, సగం గులాబీగా వచ్చింది. ఎవరు నింపారండీ ఇది?"

"నేనే అమ్మా. వేడి చేసేటప్పుడు మూత జర వదులు చెయ్యుండ్రి. మంట మీద పెట్టకుండ్రి, వేడినీళ్లల్ల పెట్టుండ్రి."

"మా వాళ్లకు చెప్తాను."

"చెప్పుడు కాదు. చేసి చూపియ్యుండ్రి."

శ్రీలేఖ నవ్వుతూ నలభై సీసాలూ లెక్క సరిచూసుకుంది. కింది అరలో, పళ్లెంలో నిలబెట్టింది. అల్మారా తాళం వేసి, చలానా మీద సంతకం చేసి పోచమ్మ చేతికిచ్చింది.